చైన్‌సా ఇంజన్ బాగుచేయడం – 3వ పాఠం: సిలిండర్ విప్పే ముందు

గత పాఠంలో స్పార్క్ ప్లగ్ తీసి కంప్రెషన్ చూశాం. గేజ్ ముల్లు 120 పిఎస్‌ఐ కూడా చేరకపోతే ఇంజన్ బాగా అరిగినట్టు లెక్క. ఇక్కడి నుంచి చాలామంది నేరుగా వెళ్లి పిస్టన్ కిట్ కొనేస్తారు. తొందరపడకండి. చెన్నై చుట్టుపక్కల చెట్లు కొట్టే మన నెల్లూరు వైపు కుర్రాళ్ల నోట ఎక్కువగా వినే మాట, ‘అన్నా, మొన్ననే కొత్త పిస్టన్ వేయించాను, మళ్లీ పట్టేసింది’ అని. పాత పిస్టన్‌ని ఏది పాడుచేసిందో అది ఇంజన్‌లోనే ఉండిపోయింది, కొత్తదాన్నీ తినేసింది. ఆ కారణాన్ని పట్టుకోవడమే ఈ పాఠం. సిలిండర్‌కి ఇంకా స్పానర్ పెట్టం.

సైలెన్సర్ విప్పండి, కార్బురేటర్ కూడా తీసి పక్కన పెట్టండి. స్టార్టర్ తాడు నెమ్మదిగా లాగుతూ టార్చి వేసి రెండు రంధ్రాల్లోంచీ పిస్టన్ గోడ చూడండి. సైలెన్సర్ వైపు మాత్రమే నిలువు గీతలుండి, కార్బురేటర్ వైపు నున్నగా ఉంటే ఇంజన్ మితిమీరి వేడెక్కింది. అంటే గాలి ఎక్కువై పెట్రోలు తగ్గింది, లేదా ఆయిల్ చాలలేదు. కార్బురేటర్ వైపు మెరుపు పోయి, బూడిదరంగులో గరుకుగా అరిగితే ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి వెళ్లింది. అన్ని వైపులా గీతలు పడితే ఎవరో ఆయిల్ కలపని పెట్రోలు పోశారు.

దుమ్ము సంగతి తేలిగ్గా తేలుతుంది. ఫిల్టర్‌ని వెలుగుకు పట్టి చూడండి, చిరుగు ఉంటే కనిపిస్తుంది. అంచు సరిగా కూర్చోకపోయినా అంతే. కొత్తది వేయండి.

అసలు కష్టం వేడెక్కిన ఇంజన్‌తోనే, ఎందుకంటే దానికి కారణాలు మూడు నాలుగు ఉంటాయి. ముందు ట్యాంకులో మిగిలిన పెట్రోలుని గాజు సీసాలో పోసి కాసేపు కదపకుండా ఉంచండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, చెన్నైలో తేమకు కొదవా? తేమ హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి, ఆయిల్ మాత్రం పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం కొస బరువుగా ఉండి అడుగునే పడి ఉంటుంది. కాబట్టి ఇంజన్‌కి ముందు అందేది ఆయిల్ దాదాపు లేని ఆ నీళ్లే. సీసాలో అడ్డగీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తే మీ దొంగ దొరికినట్టే.

ఇది మన చెన్నైకి ప్రత్యేకంగా తగిలే సమస్య. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను ఇక్కడ వేల చెట్లను కూల్చింది. అలాంటి రోజు కోసం కొని మూల పెట్టిన మిషన్లలో పెట్రోలు నెలల తరబడి అలాగే ఉంటుంది. అవసరం వచ్చిన రోజున దాంతోనే ఆపకుండా కోస్తారు. కలిపిన పెట్రోలుని నెల దాటి ఉంచవద్దు. కంపెనీ 50:1 (50 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు ఆయిల్) అని చెబితే లీటరుకు 20 మి.లీ., 25:1 అంటే 40 మి.లీ. టూ-స్ట్రోక్ ఆయిల్ కలపాలి. బైకు ఇంజన్ ఆయిల్ దీనికి పనికిరాదు.

పెట్రోలు బాగుంటే లీకు వెతకాలి. క్రాంక్ సీలు (క్రాంక్ షాఫ్టు రెండు కొసల్లో గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం) గట్టిపడినా, కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్యనున్న రబ్బరు పగిలినా ఇంజన్ దొంగగాలి పీల్చి పెట్రోలు చాలక కాలిపోతుంది. ఈ పరీక్షకి ఖరీదైన పంపు లేకపోతే పాత బీపీ మిషన్ చాలు. దాని 300 మి.మీ. (పాదరసం లెక్కలో) ఒత్తిడి అంటే సుమారు 0.4 బార్, మన పనికి సరిపోతుంది. పాత ప్లగ్‌లోని పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ లోహపు భాగానికి బీపీ మిషన్ గొట్టం గాలి పోకుండా బిగించండి. సైకిల్ ట్యూబు ముక్క కోసి సైలెన్సర్ కింద పెట్టి బిగిస్తే ఆ దారి మూసుకుంటుంది. ఇంకో ముక్క కార్బురేటర్ కూర్చునే చోట. రబ్బరు గొట్టాన్ని మాత్రం తీయకండి, దాన్నీ పరీక్షించాలి కదా. కార్బురేటర్‌కి ఒత్తిడి అందించే సన్న గొట్టం విడిగా ఉంటే దాని కొస కూడా మూయండి.

పిస్టన్‌ని కిందికి దింపి 250 దాకా గాలి కొట్టండి. ముల్లు ఒక నిమిషం కదలకుండా నిలవాలి. దిగుతుంటే సబ్బునీళ్లు రాయండి. సిలిండర్ అడుగు అతుకులో, రబ్బరు చుట్టూ, ఫ్లైవీల్ వెనక, క్లచ్ వెనక ఎక్కడ బుడగ లేస్తే అక్కడే లీకు. ఈ పని నిదానంగా చేయండి, మొత్తం రిపేరులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. ముల్లు నిలిచినా ఆ రబ్బరుని వేలితో ఇటూ అటూ వంచి చూడండి, కొన్ని పగుళ్లు కదిలితేగాని నోరు తెరవవు. ఇంకో సంగతి, సీలు అంచు లోపలికి తిరిగి ఉంటుంది. గాలి కొడితే అది షాఫ్టుని అదుముకుంటుంది, పీల్చినప్పుడు వదిలేస్తుంది. అందుకే వీలుంటే బ్రేకు పని చేసే మెకానిక్ దగ్గర వాక్యూమ్ పంపు అడిగి తెచ్చి, పీల్చి కూడా చూడాలి.

లీకూ లేదు, పెట్రోలూ మంచిదే అనుకోండి. అప్పుడు కార్బురేటర్ సెట్టింగ్‌ని అనుమానించాలి. మీ మిషన్ బెంగళూరు నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ సరుకా? బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, గాలి పలుచన. అక్కడికి సరిపోయేలా తిప్పిన ‘హెచ్’ స్క్రూ (ఇంజన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఎంత పెట్రోలు వెళ్లాలో సర్దే కార్బురేటర్ మర) చెన్నైలో పెట్రోలు తక్కువ ఇస్తుంది. ఇథనాల్ పెరిగినా ఫలితం అటువైపే. సరిచేసే పద్ధతి చివరి పాఠంలో వస్తుంది, ఇంజన్ తిరిగితేగాని అది కుదరదు.

దొరికిన కారణాన్ని ఒక కాగితం మీద రాసి మిషన్ హ్యాండిల్‌కి కట్టండి. సీలు పోయిందని తేలితే పిస్టన్ కిట్‌తో పాటు రెండు వైపుల సీళ్లూ తెప్పించండి, ఒకటే మార్చి ఊరుకోవద్దు. క్లచ్ తీయడం, సిలిండర్ విప్పడం వచ్చే పాఠంలో. క్లచ్‌ది ఎడమ మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. అలవాటు కొద్దీ రెండో వైపు తిప్పి ఇంకా బిగించేయకండి.