భవానీ ద్వీపం చూడటానికి రోజును ఎలా సర్దుకోవాలి?

విజయవాడ వచ్చినవాళ్లు చాలామంది పొద్దున్నే దుర్గమ్మ దర్శనం చేసుకుని, అటునుంచి అటే కృష్ణా నది మధ్యలో ఉన్న భవానీ ద్వీపానికి పడవెక్కేస్తారు. 11 గంటల ఎండలో లంకంతా తిరిగి, "చెట్లు తప్ప ఏముందండీ ఇక్కడ?" అంటారు. వాళ్లన్నదీ నిజమే. చూడాల్సింది ద్వీపం లోపల కంటే దాని చుట్టూ ఎక్కువ ఉంది. అందుకే ద్వీపాన్ని సాయంత్రానికి ఉంచుకుని, మిగతా రోజును దాన్నిబట్టి సర్దుకోండి.

1. ముందు వరద సంగతి కనుక్కోండి

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ప్రకాశం బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారో వార్తల్లో చెబుతూనే ఉంటారు. 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వరద ఉద్ధృతంగా ఉంటే పడవలు నడపరు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటి, ద్వీపం నీట మునిగింది. ఇలాంటి వరదల తర్వాత లోపల ఏ ఆటలు నడుస్తున్నాయో, ఏవి మూతపడ్డాయో పడవలెక్కే ఘాట్ దగ్గర అడిగాకే పిల్లలకు మాటివ్వండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే ఈ టెన్షన్ ఉండదు.

2. పొద్దున ఉండవల్లి

బ్యారేజీ దాటి సీతానగరం మీదుగా వెళితే ఉండవల్లి గుహలు దగ్గరే. గుంటూరు నుంచి వచ్చేవాళ్లకైతే నది దాటకముందే వస్తాయి, తాడేపల్లి దగ్గర తిరిగితే చాలు. కొండనే నాలుగు అంతస్తులుగా తొలిచారు. పై అంతస్తుల్లో ఒకదాంట్లో పడుకుని ఉన్న అనంతపద్మనాభ స్వామిని ఒకే రాతిలో చెక్కారు. ఎండలోంచి లోపలికి వెళ్లగానే ఏమీ కనపడదు. వెంటనే ఫోన్ లైటు వేయకుండా ఒక్క నిమిషం ఆగండి. ముందు శేషుడి పడగలు, తర్వాత స్వామి ముఖం మెల్లగా తేలుతాయి. బయట వసారా అంచున కూర్చున్న మునుల విగ్రహాలను చాలామంది చూడకుండానే దిగిపోతారు. అక్కడి నుంచి చూస్తే కింద పొలాలన్నీ కనపడతాయి.

మధ్యాహ్నం ఊళ్లో భోంచేయండి. ఓపికుంటే కొండపల్లి బొమ్మలు చూసి రావచ్చు కానీ, అన్నీ ఒక్కరోజులో కుక్కొద్దు.

3. మూడింటికి పున్నమి ఘాట్

ద్వీపానికి పర్యాటక శాఖ పడవలు భవానీపురంలోని ఈ ఘాట్ నుంచి బయలుదేరతాయి. టికెట్ తీసుకునేటప్పుడే తిరుగు పడవ చివరిది ఎన్ని గంటలకో అడగండి. లైఫ్ జాకెట్ భుజాన వేలాడేసుకుంటే లాభం లేదు, ముందు బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి. పిల్లలకు వాళ్ల సైజుదే అడిగి తీసుకోండి. జాకెట్ పైకి లాగితే గడ్డం దాటి వచ్చేస్తోందంటే అది వదులే. తక్కువకు తీసుకెళ్తామని ఎవరైనా పిలిస్తే వెళ్లొద్దు. 2017 నవంబరులో, గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు.

4. ద్వీపం మీద

దాదాపు 130 ఎకరాల ద్వీపం ఇది. బ్యారేజీ నీటిని నిలబెడుతుంది కాబట్టే చుట్టూ నది నిండుగా ఉంటుంది. పిల్లలను కాసేపు ఆడించి, తూర్పు వైపుకి నడవండి. ఈ వేళకు పొద్దు మీ వెనక ఉంటుంది. ఆ వెలుతురంతా ఎదురుగా దుర్గమ్మ కొండ ఇంద్రకీలాద్రి మీద, బ్యారేజీ గేట్ల మీద పడుతుంది. కుడివైపు అవతలి ఒడ్డున ఉండవల్లి కొండలు. పొద్దున వస్తే ఇదంతా ఎండకు ఎదురై మసకగా కనిపిస్తుంది, ఫోటోలూ నల్లగా వస్తాయి. మంచినీళ్లు, కాస్త పులిహోర వెంట తెచ్చుకుంటే మంచిది. ఖాళీ సీసాలు మాత్రం తిరిగి పట్టుకెళ్లండి.

5. చీకటి పడ్డాక

1957లో కట్టిన బ్యారేజీకి 70 గేట్లు. లైట్లు వేశాక బాగుంటుంది కానీ, వంతెన మధ్యలో బండి ఆపి సెల్ఫీలు దిగొద్దు, వెనక ట్రాఫిక్ ఆగిపోతుంది. సీతానగరం ఒడ్డు నుంచి చూడండి.

దసరా పది రోజులూ మాత్రం ఈ ప్లాన్ పనికిరాదు. కొండ చుట్టుపక్కల రోడ్లన్నీ భక్తులతో నిండిపోతాయి, వాహనాలను దారి మళ్లిస్తారు. ఆ రోజుల్లో వస్తే అమ్మవారి దర్శనం ఒక్కటే పెట్టుకోండి.