మల్లెలు కొనేటప్పుడు ముక్కును నమ్మొద్దు

తిరుపతిలో పొద్దున్నే మల్లెలు కొనేవాళ్లు చాలామంది ముందు వాసన చూస్తారు. అక్కడే మోసపోతాం. పొద్దున గుప్పుమందంటే ఆ పువ్వు అప్పటికే విచ్చుకుందన్నమాట, సాయంత్రానికి వాడి రాలిపోతుంది. మల్లె మొగ్గ విచ్చేది పొద్దుగూకాకే, వాసన వచ్చేదీ అప్పుడే.

మొగ్గ తెల్లగా, బొద్దుగా, మూసుకుని ఉండాలి. కొన దగ్గర పచ్చదనం ఎక్కువుంటే లేతది కోసేశారని అర్థం, విచ్చదు. కాడ పచ్చగా ఉందా, రేకుల మీద గోధుమరంగు మచ్చలున్నాయా చూడండి. తూకానికి తీసుకుంటే చేతిలో ఒక గుప్పెడు పట్టుకోండి. అరచేయి తడిసిందంటే నీళ్లకు కూడా డబ్బు కడుతున్నట్టే.

మూర లెక్కన కొంటే అసలు తిరకాసు కట్టులో ఉంటుంది. మూరంటే మోచేయి నుంచి నడివేలి కొస దాకా, సుమారు 18 అంగుళాలు. పొడుగు సరిపోయినా పూలు ఎడమెడంగా కట్టి ఉంటే నారే కొన్నట్టు. "అక్కా, కాస్త దగ్గరగా కట్టింది ఇవ్వు" అని అడగండి, ఏమీ అనుకోరు. పది రూపాయలు ఎక్కువైనా ఒత్తుగా కట్టిందే లాభం.

కనకాంబరాలకు ఈ వాసన గొడవే లేదు, రంగు చూసుకుంటే చాలు.

ఇంటికొచ్చాక తడిగుడ్డలో వదులుగా చుట్టండి. కొండకు పోయేరోజు మాత్రం కొనకండి, తిరుమలలో పూలన్నీ స్వామివే, మనం తలలో పెట్టుకోం.