డిజిటల్ వీఎఫ్ఓ కిట్ పలకకపోతే: సమస్య – పరిష్కారం

ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం... మన సరిహద్దు ఊళ్లలో హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని అభిరుచిగా నడిపే రేడియో) నేర్చుకుందామనుకునే ఎవరికైనా మొదటి కిట్‌గా నేను చెప్పేది డిజిటల్ వీఎఫ్ఓ. రేడియో ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉండాలో నిర్ణయించే ఆసిలేటర్ (తరంగాన్ని పుట్టించే సర్క్యూట్) ఇది. ఎస్‌ఐ5351 అనే చిన్న చిప్, దాన్ని నడిపే ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిన్న బోర్డు ఆర్డుయినో నానో, ఒక డిస్‌ప్లే, తిప్పడానికి రోటరీ ఎన్‌కోడర్. అంతే సామాను. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్40 సెట్‌తో వచ్చిన రాడుయినో బోర్డులో ఉన్నవీ ఇదే చిప్, ఇదే నానో. కాబట్టి కింద రాసినవి చాలావరకు దానికీ పనికొస్తాయి.

ఇంకో మాట. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాయి. ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలు కూలాయి, ఫోన్లు మూగబోయాయి. మళ్లీ అలాంటి రోజు వస్తే బ్యాటరీ మీద నడిచే సెట్ ఒక్కటే మాట్లాడుతుంది. అందుకే ఈ కిట్‌ను 12 వోల్టుల బ్యాటరీకి సరిపోయేలా కట్టి, బ్యాటరీ మీదే పరీక్షించమని గట్టిగా చెబుతాను.

"అన్నా, చిప్ పోయినట్టుంది, కొత్తది తెప్పించాలా?" అని ఫోన్ చేసేవాళ్లకు నా జవాబు ఒకటే: ముందు మీటర్ తియ్యి తమ్ముడూ. చిప్ చచ్చిపోవడం అరుదు. సప్లై, టంకం, ప్రోగ్రామ్‌లో ఒక అంకె, ఎక్కువగా ఈ మూడింట్లోనే తప్పు దొరుకుతుంది. మన ఊళ్లకు కొరియర్‌లో కొత్త చిప్ వచ్చేసరికి రోజులు గడిచిపోతాయి. ఈలోగా ఉన్నదాన్ని సరిగ్గా పరీక్షించడం మేలు.

సప్లై ఇచ్చాక ఏమీ వెలగదు, లేదా రెగ్యులేటర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది

నానో, డిస్‌ప్లే, ఎస్‌ఐ5351 మాడ్యూల్ మూడూ పక్కన పెట్టండి. ఖాళీ బోర్డుకు 12 వోల్టులిచ్చి 5 వోల్టుల చోట 5, 3.3 చోట 3.3 వస్తున్నాయో లేదో చూడండి. ఇవి రానిదే మిగతావి పెట్టొద్దు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు రెగ్యులేటర్ కాళ్ల దగ్గర. 7805ని అక్షరాలు మనకు కనిపించేలా పట్టుకుంటే ఎడమ నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. వెనక రేకు గ్రౌండే. 3.3 వోల్టులకు వాడే ఏఎంఎస్1117లో వరస వేరు: గ్రౌండ్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. దాని రేకు అవుట్‌పుట్‌కు కలిసి ఉంటుంది. 7805 అలవాటుతో ఆ రేకును గ్రౌండ్ రాగికి అంటిస్తే 3.3 లైను నేరుగా షార్టవుతుంది.

రెగ్యులేటర్ సరిగ్గానే ఉన్నా వేడి వస్తుంటే అది లెక్క ప్రకారం వచ్చే వేడే. 12 నుంచి 5కు దింపితే మధ్యలో 7 వోల్టులు వేడిగా పోవాలి. 100 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే 0.7 వాట్లు. నానో మీదుండే చిన్న రెగ్యులేటర్‌కు ఇది భారమే. విడిగా 7805 పెట్టి, దానికో అల్యూమినియం ముక్క బిగించి, 5 వోల్టులను నానో 5వి కాలుకే ఇవ్వండి.

నానో మీది 3.3 కాలు నుంచి ఎస్‌ఐ5351కి సప్లై తీసుకోవడం కూడా మానండి. యూఎస్‌బీ కోసం సీహెచ్340 చిప్ ఉన్న చవక నానోల్లో ఆ కాలు ఇచ్చే కరెంటు చాలా తక్కువ. ఒక్కోసారి పలికి, ఒక్కోసారి మూగబోయే కిట్‌లలో నేను ముందు చూసేది ఈ వైరునే.

కంప్యూటర్ నుంచి ప్రోగ్రామ్ ఎక్కడం లేదు

"నాట్ ఇన్ సింక్" అని ఎర్రక్షరాల్లో వస్తుంటే టెన్షన్ పడొద్దు. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ మెనూ తెరిచి "ఓల్డ్ బూట్‌లోడర్" ఎంచుకోండి. చవక నానోలు చాలావాటికి అదే కావాలి. పోర్టే కనిపించకపోతే సీహెచ్340 డ్రైవర్ వేయండి. యూఎస్‌బీ కేబుల్ కూడా మార్చి చూడండి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా వైర్లు ఉండవు.

డిస్‌ప్లే ఖాళీగా ఉంది, లేదా పిచ్చి గీతలు

16 అక్షరాల రెండు వరసల ఎల్‌సీడీ అయితే ముందు వెనకున్న కాంట్రాస్ట్ ప్రీసెట్ తిప్పండి. పై వరసలో నల్ల గళ్లు మాత్రమే కనిపిస్తే డిస్‌ప్లేకు కరెంటు అందింది, ప్రోగ్రామ్ మాట అందలేదు. ఐ2సీ (రెండు వైర్ల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) బోర్డున్న ఎల్‌సీడీ అడ్రస్ హెక్స్ 27 కావచ్చు, హెక్స్ 3ఎఫ్ కావచ్చు. ప్రోగ్రామ్‌లో ఒకటుండి బోర్డు మీద ఇంకొకటుంటే అంతే సంగతి.

ఓఎల్‌ఈడీలో అంచున చుక్కల గీత కనిపించి బొమ్మ పక్కకు జరిగితే డ్రైవర్ తేడా. 0.96 అంగుళాల వాటిలో సాధారణంగా ఎస్‌ఎస్‌డీ1306, 1.3 అంగుళాల వాటిలో ఎస్‌హెచ్1106 ఉంటుంది. లైబ్రరీ దానికి తగ్గది వేయాలి. అన్నీ సరిగ్గా ఉన్నా ఓఎల్‌ఈడీ వెలగకపోతే నానో జ్ఞాపకశక్తి చూడండి. మొత్తం ర్యామ్ 2048 బైట్లు. 128×64 తెర ఒక్కటే 1024 బైట్లు తినేస్తుంది. ప్రోగ్రామ్‌లో పొడుగాటి స్వాగత వాక్యాలు తీసేస్తే తెర వెలుగుతుంది.

డిస్‌ప్లే బాగుంది, అవుట్‌పుట్ మాత్రం లేదు

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది, తొందర పడకండి. ముందు ఐ2సీ స్కానర్ ప్రోగ్రామ్ నడపండి. ఏ అడ్రస్ దగ్గర చిప్ పలుకుతోందో చూపే, ఆర్డుయినోతో ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామే. ఎస్‌ఐ5351 హెక్స్ 60 దగ్గర పలకాలి. పలికిందంటే చిప్ బతికే ఉంది, సప్లై ఉంది, రెండు వైర్లూ సరిగ్గా ఉన్నాయి.

పలకకపోతే ఏ4 కాలు ఎస్‌డీఏకు, ఏ5 కాలు ఎస్‌సీఎల్‌కు వెళ్తున్నాయా చూడండి. వట్టి చిప్‌తో కట్టిన బోర్డయితే ఈ రెండు లైన్లకూ పుల్ అప్ రెసిస్టర్లు (లైనును సప్లై వోల్టేజీ వైపు లాగి ఉంచేవి) ఉండాలి, అవి 3.3 వోల్టులకు కట్టాలి. అవీ ఉంటే ఇక టంకమే. ఈ చిప్‌కు పది కాళ్లు, కాలికీ కాలికీ మధ్య అర మిల్లీమీటరు. బల్ల మీద లైటు వాలుగా పడేలా పెట్టి, భూతద్దంలో ఒక్కో కాలూ చూడండి. సరిగ్గా అతికిన కాలు దగ్గర సీసం కాలు మీదికి వంపుగా ఎక్కి మెరుస్తుంది. అతకని కాలు ప్యాడ్ పైన తేలినట్టుంటుంది, కింద సన్నని నల్ల గీత కనిపిస్తుంది. ఫ్లక్స్ రాసి, సోల్డరింగ్ ఐరన్ శుభ్రమైన సన్నమొన తగిలిస్తే చాలు, కొత్త సీసం అక్కర్లేదు. రెండు కాళ్ల మధ్య వంతెన కడితే రాగి జడను ఫ్లక్స్‌లో ముంచి పీల్చేయండి.

పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు తప్పనిసరిగా కడగండి. సోంపేట, కవిటి, గోపాల్‌పూర్ లాంటి చోట్ల సముద్రపు గాలికి మిగిలిన ఫ్లక్స్ చెమ్మ పట్టి, కాళ్ల మధ్య కరెంటు పాకుతుంది. ఎండాకాలం బాగా పలికి వానాకాలం మొరాయించే కిట్ చూస్తే నాకు ముందు అనుమానం దీని మీదే.

చిప్ హెక్స్ 60లో పలుకుతూ అవుట్‌పుట్ లేదంటే రేడియో తరంగాన్ని మీటర్‌కు కనిపించేలా చేసే ఆర్ఎఫ్ ప్రోబ్ కట్టండి. 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్, 1ఎన్34ఏ జెర్మేనియం డయోడ్, ఒక రెసిస్టర్, మామూలు డిజిటల్ మీటర్. ఆసిలోస్కోప్ లేని ఇంట్లో ఇదే కన్ను. చిప్ మొదటి అవుట్‌పుట్ సీఎల్‌కే0 దగ్గర మీటర్ కదలకపోతే మిగతా రెండు అవుట్‌పుట్‌లూ తాకి చూడండి. ప్రోగ్రామ్ వేరే అవుట్‌పుట్‌ను ఆన్ చేసి ఉండొచ్చు.

షార్ట్‌వేవ్ రేడియో ఉంటే ఇంకా మేలు. వీఎఫ్ఓను 7.100 మెగాహెర్ట్జ్ మీద పెట్టి, అవుట్‌పుట్‌కు జానెడు వైరు తగిలించి రేడియో పక్కన ఉంచండి. రేడియోను 7.100 మీదికి తెచ్చేసరికి గరగర తగ్గి ఒక్కసారి నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దమే మీ క్యారియర్, అంటే మీ వీఎఫ్ఓ పంపే తరంగం.

అవుట్‌పుట్ ఉంది, ఫ్రీక్వెన్సీ తప్పు

ఎంత తప్పో చూస్తే కారణం దానంతటదే బయటపడుతుంది. 7.100 అడిగితే 7.668 దగ్గర దొరికిందా? బోర్డు మీద 27 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంది, ప్రోగ్రామ్ 25 అనుకుంటోంది. తిరగేసి ఉంటే 6.574 దగ్గర దొరుకుతుంది. 71 కిలోహెర్ట్జ్ వచ్చిందా? ఎక్కువమంది వాడే ఎస్‌ఐ5351 లైబ్రరీ ఫ్రీక్వెన్సీని హెర్ట్జ్‌లో నూరో వంతు లెక్కన అడుగుతుంది. 7.1 మెగాహెర్ట్జ్ కావాలంటే 710000000 అని రాయాలి, అది పెద్ద అంకె అని ప్రోగ్రామ్‌కు తెలిసేలా చివర యూఎల్ఎల్ చేర్చాలి.

కొన్ని వందల హెర్ట్జ్ తేడా అంటే క్రిస్టల్ తేడా, అది సహజం. సరిచేయడానికి చైనా బీపీఎం స్టేషన్ పంపే సమయ సంకేతం పనికొస్తుంది. 5, 10, 15 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. రేడియోను 10 మీద పెట్టి, వీఎఫ్ఓను కూడా 10 మీద పెడితే రెండూ కలిసి ఈల వినిపిస్తుంది. ఈల సన్నబడి, గుబగుబమని నెమ్మదించి, ఆగేదాకా వీఎఫ్ఓను హెర్ట్జ్ హెర్ట్జ్‌గా జరపండి. 600 హెర్ట్జ్ జరపాల్సి వస్తే తేడా మిలియన్‌కు 60. లైబ్రరీ కరెక్షన్ బిలియన్‌లో లెక్క కాబట్టి 60000 వేయాలి. తేడా రెట్టింపైతే గుర్తు మార్చి మైనస్ పెట్టండి. వీఎఫ్ఓను అరగంట వెలిగించి ఉంచాకే ఈ పని చేయండి. 7805ను క్రిస్టల్‌కు దూరంగా పెట్టండి, ఫ్యాన్ గాలి నేరుగా తగలనివ్వకండి.

సెట్‌కు కలిపాక స్టేషన్లు డయల్ మీద వేరే అంకె దగ్గర వినిపిస్తే రెండు చోట్ల కొలవండి. బ్యాండ్ ఏ చివరన చూసినా తేడా ఒక్కటే అయితే ఐఎఫ్ (సెట్ లోపల సిగ్నల్‌ను మార్చుకునే స్థిరమైన ఫ్రీక్వెన్సీ) అంకె తప్పు. ఫ్రీక్వెన్సీతో పాటు తేడా పెరుగుతుంటే క్రిస్టల్ కరెక్షన్ తప్పు. బిట్‌ఎక్స్40లో ఐఎఫ్ 12 మెగాహెర్ట్జ్. 7.1 వినాలంటే వీఎఫ్ఓ 4.9 ఇవ్వాలి. పైకి తిప్పితే వీఎఫ్ఓ కిందికి దిగడం అక్కడ తప్పు కాదు.

ఎన్‌కోడర్ దూకుతోంది, వెనక్కి తిరుగుతోంది

వెనక్కి తిరిగితే ఏ, బీ వైర్లు మార్చండి. ఒక్క క్లిక్‌కు నాలుగు మెట్లు దూకితే ప్రోగ్రామ్‌లో నాలుగుతో భాగించండి. ఇష్టమొచ్చినట్టు దూకితే లోపలి కాంటాక్టుల వణుకు. రెండు కాళ్లకూ 10 కిలో ఓమ్ పుల్ అప్, గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫారడ్ పెడితే కుదుటపడుతుంది.

రిసీవర్‌లో టిక్ టిక్ శబ్దం

బ్యాటరీ మీద లేకుండా, అడాప్టర్ మీద ఉన్నప్పుడే వస్తే తప్పు అడాప్టర్‌ది. బ్యాటరీ మీద కూడా వస్తే డిస్‌ప్లే నుంచి వస్తోంది. సప్లై లైనులో 100 మైక్రోహెన్రీ చోక్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, వీఎఫ్ఓ బోర్డును రేకు పెట్టెలో బిగించి, అంకె మారినప్పుడే తెర రాసేలా ప్రోగ్రామ్ మార్చండి.

ట్రాన్స్‌మిటర్‌కు కలిపే ముందు

లైసెన్సు చేతికి రాకుండా యాంటెన్నాకు పంపొద్దు. వచ్చాక కూడా లో పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) లేకుండా పంపొద్దు. ఎస్‌ఐ5351 ఇచ్చేది చదరపు తరంగం. 7.1తో పాటు దాని మూడు రెట్లు 21.3, అయిదు రెట్లు 35.5 కూడా బయటికొస్తాయి. 21.3 మరో హామ్ బ్యాండ్‌లోనే పడుతుంది. డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పెట్టే రెసిస్టర్) మీద పంపుతూ పక్క రేడియోలో 21.3 వినండి. ఫిల్టర్ పెట్టినా అక్కడ గట్టిగా వినిపిస్తుంటే ఫిల్టర్‌లోని టొరాయిడ్ రింగు మీద చుట్లు మళ్లీ లెక్కపెట్టండి. రింగు లోపలి నుంచి వైరు వెళ్లిన ప్రతిసారీ ఒక చుట్టు. బయట కనిపించే చుట్లు లెక్కపెడితే ఒకటి తప్పుతుంది.