గాలం వేసే ఎస్సెమ్మెస్‌లు: లింకు నొక్కకముందే చూసుకోవలసినవి

పన్నుల గడువు ముంచుకొస్తున్నప్పుడు, ఆన్‌లైన్ అమ్మకాలు జోరుగా సాగేటప్పుడు, సెలవుల ప్రయాణాలు మొదలయ్యేటప్పుడు ఫోనుకు వచ్చే సందేశాలను మరి కాస్త అనుమానంగా చూడాలి. ఆ రోజుల్లో మనం నిజంగానే ఒక పార్సిల్ కోసమో, రీఫండు కోసమో, టికెట్టు కోసమో ఎదురుచూస్తుంటాం. మోసగాడికి మన సంగతులేవీ తెలియనక్కరలేదు. "మీ పార్సిల్ ఆగిపోయింది, చిరునామా సరిచేయండి" అని లక్ష నంబర్లకు పంపితే చాలు, ఆ చీకటి బాణం ఎవరికో ఒకరికి తగులుతుంది.

అక్షర దోషాలుంటే మోసమని గుర్తుపట్టవచ్చని చాలామంది ఇప్పటికీ చెబుతుంటారు. ఆ సలహాకు కాలం చెల్లింది. ఇప్పుడు దొంగలూ తప్పుల్లేకుండా రాస్తున్నారు, రాయించుకుంటున్నారు.

పంపినవారి పేరు చూసి నమ్మడం అంతకన్నా పెద్ద పొరపాటు. మొదటి ఎస్సెమ్మెస్ 1992లో వెళ్లింది. పంపింది ఎవరో తేల్చి చెప్పే ఏర్పాటు అందులో మొదటినుంచీ లేదు. పేరు చూపించే చోట 11 అక్షరాల వరకు పంపేవారే పెట్టుకోవచ్చు. దీన్ని అడ్డుకునే నిబంధనలు కొన్ని దేశాల్లో ఉన్నాయి, అన్నిచోట్లా లేవు. పేరు ఒకటే అయితే ఫోను ఆ దొంగ సందేశాన్ని బ్యాంకు పంపిన పాత సందేశాల వరుసలోనే చేర్చి చూపిస్తుంది. నిన్నటి అసలు ఓటీపీ కిందే ఇవాళ్టి ఉచ్చు కనిపిస్తే ఎంత జాగ్రత్తపరుడైనా తడబడతాడు.

లింకును చదవడం మాత్రం అందరూ నేర్చుకోదగ్గ విద్య. "మీబ్యాంకు.ఖాతా-తనిఖీ.కామ్/లాగిన్" అని ఉందనుకోండి. కళ్లు ముందున్న "మీబ్యాంకు" దగ్గరే ఆగిపోతాయి. కానీ అది ఉత్త అలంకారం. ఏటవాలు గీతకు సరిగ్గా ముందున్న "ఖాతా-తనిఖీ.కామ్" ఎవరిదో ఆ పేజీ వారిదే. ఇంగ్లీషు అక్షరం 'ఓ' బదులు సున్నా, 'ఎల్' బదులు ఒకటి పెట్టే తంతు కూడా ఉంది. కుదించిన లింకులో అసలు చిరునామా కనిపించనే కనిపించదు. చిరునామా పక్కన తాళం గుర్తు ఉంది కదా అని ధీమా వద్దు. మీరు పంపే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల కూర్చున్నది దొంగ అయితే నేరుగా దొంగకే భద్రంగా చేరుతుంది!

ఇంత పరిశీలన చేసే ఓపిక లేకపోతే ఒక్క అలవాటు చాలు: సందేశం చూపిన దారిలో వెళ్లకండి. బ్యాంకు యాప్ మీరే తెరవండి, కార్డు వెనకనున్న నంబరుకు మీరే ఫోను చేయండి. సందేశంలో ఇచ్చిన నంబరుకు వద్దు. "అమ్మా, నా ఫోను పాడైంది, ఇది కొత్త నంబరు, అర్జంటుగా డబ్బు పంపు" అని వస్తే పాత నంబరుకే చేసి చూడండి. అపరిచితుల సందేశాలకు "ఇక పంపకండి" అనైనా జవాబివ్వకండి. ఆ నంబరు వాడకంలో ఉందని మీరే చెప్పినట్లవుతుంది.

ఓటీపీ అంటే సంతకం లాంటిది. దాంతోపాటు వచ్చే వాక్యంలో ఎంత మొత్తానికి, దేనికి అన్నది తరచుగా ఉంటుంది. అంకెలు మాత్రమే చూసి దాన్ని వదిలేస్తాం. దొంగ పేజీలో టైపు చేసిన ఓటీపీని దొంగ ఆ క్షణంలోనే అసలు సైటులో వాడేయవచ్చు. పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లు దాచి, అసలు సైటులో తానే నింపే యాప్) వాడేవారికి ఒక మంచి సూచన దొరుకుతుంది: రోజూ తనంతట తానే పాస్‌వర్డ్ నింపేది ఇవాళ ఊరుకుందంటే చిరునామా మరొకసారి చూడాలి.

లింకు నొక్కేశారా? కంగారుపడకండి. పేజీ తెరిచి ఏమీ ఇవ్వకుండా మూసేస్తే చాలావరకు ముప్పు ఉండదు. వివరాలు ఇచ్చి ఉంటే ముందు బ్యాంకుకు చెప్పి కార్డు, ఖాతా ఆపించండి. ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చండి, అదే పాస్‌వర్డ్ వాడిన మిగతా చోట్ల కూడా. సందేశం చెప్పిందని ఏదైనా యాప్ వేసుకుని ఉంటే ఫోను నెట్ ఆపేసి, బ్యాంకుతో వేరే ఫోను నుంచి మాట్లాడండి. ఉన్నట్టుండి సిగ్నల్ పోయి తిరిగి రాకపోతే మీ నంబరును ఎవరైనా వేరే సిమ్‌కు మార్చుకున్నారేమో సిమ్ కంపెనీని అడగండి. దొంగ సందేశాన్ని చెరిపేయకండి, ఫిర్యాదుకు అదే ఆధారం.

కొద్ది రోజులకు ఎవరో ఫోను చేసి, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తామని, ముందుగా కొంత రుసుము కట్టాలని అంటే అది రెండో గాలం. వెంటనే ఫోను పెట్టేయండి.