తెరచాప పడవ డెక్ మీద పాడైన క్లీట్‌ను మార్చడం ఎలా?

తాళ్లు కట్టే క్లీట్ వదులైతే చాలామంది కొత్తది కొని, పాత బెజ్జాల్లోనే బిగించేస్తారు. అసలు పని ఆ బెజ్జాల్లోనే ఉంది. చాలా ఫైబర్‌గ్లాస్ పడవల్లో డెక్‌కు పైనా కిందా ఫైబర్‌గ్లాస్ పొరలు, మధ్యలో బాల్సా చెక్క గానీ ఫోమ్ గానీ ఉంటాయి. బోల్టు పక్కనుంచి దిగిన నీరు బాల్సాను చేరితే అది లోలోపలే కుళ్లిపోతుంది. పైకి మాత్రం ఏమీ కనిపించదు.

కాబట్టి ముందు క్లీట్ చుట్టూ స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టిగా ఉన్నచోట చప్పుడు ఖణీమంటుంది, పాడైనచోట అణిగినట్టు వస్తుంది. కేబిన్ లోపల నట్ల చుట్టూ గోధుమరంగు మరకలు ఉన్నాయేమో కూడా చూడండి. అడుగేస్తే డెక్ కుంగుతుంటే మాత్రం ఇక్కడే ఆగండి. అప్పుడు పై పొర కోసి లోపలి చెక్కనే మార్చాలి.

విప్పడానికి ఇద్దరు కావాలి. పైన ఒకరు బోల్టు కదలకుండా పట్టుకుంటే, లోపల ఒకరు పానాతో నట్ తిప్పాలి. తర్వాత సన్నటి బ్లేడును క్లీట్ అడుగున పోనిచ్చి, నీరు దిగకుండా వేసిన పాత సీలెంట్‌ను నెమ్మదిగా కోయండి. గునపం వేసినట్టు ఎత్తితే పై పూత పెచ్చులుగా లేచిపోతుంది. మిగిలిన జిగురును గీకేసి, అసిటోన్‌తో తుడవండి.

ఇప్పుడు బెజ్జాలు. ఇక్కడ తొందర వద్దు. 6 మిల్లీమీటర్ల బోల్టుకైతే పై పొరనూ మధ్య చెక్కనూ సుమారు 12 మిల్లీమీటర్ల వరకు తొలిచి, అడుగు పొరను అలాగే ఉంచండి. కొస వంచిన మేకుతో బెజ్జం అంచుల్లోని మెత్తటి చెక్కను గోకి తీసేయండి. చేతికి నల్లగా, తడిగా వస్తుంటే ఇంకా తీయాలి. లోపల పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టదు. కింద బెజ్జానికి టేపు అంటించి, ముందు పలుచటి ఎపాక్సీతో గోడలు తడిపి, తర్వాత సిలికా పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీతో నింపండి. అది పూర్తిగా గట్టిపడ్డాక నడిమధ్యన 6 మిల్లీమీటర్ల బెజ్జం వేయండి. ఇక ఎప్పుడైనా సీలెంట్ దెబ్బతిన్నా, నీటికి తగిలేది ఎపాక్సీయే, చెక్క కాదు.

బెజ్జం పై అంచును కాస్త ఏటవాలుగా చెక్కండి. సీలెంట్ ఆ పల్లంలో నిలిచి, బోల్టు మెడ చుట్టూ వలయంలా పట్టుకుంటుంది.

సీలెంట్‌గా నేను బ్యూటైల్ టేపునే, అంటే జిగటగా ఉండే రబ్బరు పట్టీనే, ఇష్టపడతాను. అది ఏళ్ల తరబడి మెత్తగా ఉంటుంది, మళ్లీ విప్పాల్సి వస్తే ఇబ్బంది పెట్టదు. గట్టి పాలియురేథేన్ జిగుర్లు ఇక్కడ వద్దు, విప్పేటప్పుడు డెక్ పూతను కూడా లాగేస్తాయి. సిలికోన్ కూడా వద్దు, దాని జిడ్డు మిగిలినచోట మరే సీలెంటూ అంటుకోదు.

బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. క్లీట్ అల్యూమినియందైతే రెండు లోహాలూ ఉప్పునీటిలో నేరుగా తగలకుండా మధ్యలో తుప్పు నిరోధక పేస్టు పూయాలి. లోపలివైపు చిన్న వాషర్లు చాలవు. తాడు లాగే బలం విస్తరించేలా అడుగున మందపాటి పలక వేయండి.

బిగించేటప్పుడు బోల్టును తిప్పకండి, నట్‌నే తిప్పండి. బోల్టు తిరిగితే దాని చుట్టూ పట్టిన సీలెంట్ తెగిపోతుంది. బ్యూటైల్ అంచుల్లోంచి మెల్లగా బయటికి వస్తుంది కాబట్టి ఒక్కసారే బిగించేయకుండా, రెండు మూడు రోజులపాటు కొద్దికొద్దిగా బిగిస్తూ రండి. చివరగా ఒకరు పైన గొట్టంతో నీళ్లు పోస్తుంటే, మరొకరు లోపల నట్ల చుట్టూ పొడి కాగితం అద్ది చూడాలి. కాగితం తడిస్తే విప్పి కొత్త టేపు వేయండి.