స్పేసర్లు వేసిన బండిలో తేడా కనిపిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

ఉద్దానం జీడితోటల ఇసుక దారుల్లో, ఎస్.కోట నుంచి అరకు ఎక్కే ఘాట్‌లో తిరిగే థార్‌లకు, జిమ్నీలకు చాలామంది వీల్ స్పేసర్లు వేయిస్తున్నారు. చక్రానికీ, అది బిగించే ఇరుసు చివరి భాగమైన హబ్‌కూ మధ్య పెట్టి చక్రాన్ని బయటికి జరిపే లోహపు బిళ్లలివి. లావు టైరు లోపలి వైపు తగలకూడదని కొందరు, బండి వెడల్పుగా కనిపించాలని కొందరు. ఆ తర్వాత వచ్చే ఇబ్బందుల్లో ప్రమాదకరమైనవన్నీ బిగింపు దగ్గరే మొదలవుతాయి. నట్లు బిగించినప్పుడు చక్రం ముఖం, హబ్ ముఖం ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుంటాయి. బండి బరువును మోసేది ఆ నొక్కుడే. అది సడలితే బరువంతా స్టడ్ల మీద, అంటే నట్లు ఎక్కే మర బోల్టుల మీద పడుతుంది, అవి వంగి వంగి తెగిపోతాయి. స్పేసర్ వేస్తే ఇలా నొక్కుకోవాల్సిన చోట్లు ఒకటికి రెండవుతాయి.

నెమ్మదిగా వెళ్తుంటే చక్రంలో టక్ టక్, నట్ల చుట్టూ తుప్పు చారలు

ఇది కనిపిస్తే బండి అక్కడే ఆపండి, ఇంటిదాకా వెళ్లి చూద్దామనుకోవద్దు. నట్టు కింద నుంచి ఎర్రగానో నల్లగానో చార దిగిందంటే లోపల లోహం కదులుతున్నట్టే.

ముందు మీది ఏ రకం స్పేసరో తెలుసుకోవాలి. ఒక రకం పలుచటి బిళ్ల. బండి స్టడ్ల మీదే తొడిగి పైన చక్రం పెట్టేస్తారు. బిళ్ల ఎంత మందముంటే నట్టుకు అంత మర తగ్గిపోతుంది. కనీసం స్టడ్డు వ్యాసమంత లోతు మర పట్టాలి. జిమ్నీ స్టడ్డు 12 మిల్లీమీటర్లు, ఒక మరకూ ఇంకో మరకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, అంటే నట్టు పది చుట్లదాకా తిరగాలి. నాలుగైదు చుట్లకే బిగిసిపోతే ఆ బిళ్ల తీసేయండి, వేరే మందు లేదు.

రెండో రకం దాని సొంత స్టడ్లతో వస్తుంది. స్పేసర్‌ను హబ్‌కు ఒక వరుస నట్లతో, చక్రాన్ని స్పేసర్‌కు మరో వరుసతో బిగిస్తారు. ఇది మేలైన రకమే. కానీ పైకి కనిపించే నట్లు మాత్రమే చూసుకుని బాగానే ఉందనుకుంటాం. లోపలి నట్లు వదులయ్యాయో లేదో చక్రం విప్పితేనే తెలుస్తుంది. ఇంకో సంగతి, బండి అసలు స్టడ్లు స్పేసర్ మందం దాటి పైకి పొడుచుకొస్తే చక్రం వాటికే ఆనుకుంటుంది, ముఖం మీద కూర్చోదు. రిమ్ము వెనక ఆ చోట గుంటలుంటే సరే, లేకపోతే ఆ స్పేసర్ మీ బండికి పనికిరాదు.

మరమ్మతు ఇలా: చక్రం, స్పేసర్ విప్పండి. హబ్ ముఖం మీది తుప్పు, ఇసుక, రంగు వైరు బ్రష్‌తో మెరిసేదాకా తీయండి. మరలకు గ్రీజు రాయకండి, రాస్తే అదే టార్క్‌కు (నట్టును తిప్పే బలానికి) స్టడ్డు ఎక్కువ సాగుతుంది. నట్టు కోనుగా ఉందో, గుండ్రంగా ఉందో, రిమ్ము రంధ్రానికి సరిపోతుందో చూడండి. ఎదురెదురుగా నట్లు మారుస్తూ టార్క్ రెంచ్‌తో బిగించండి. జిమ్నీకి 100 న్యూటన్ మీటర్లు, మిగతా బళ్లకు ఓనర్స్ మాన్యువల్‌లో ఉన్నంత, స్పేసర్ కంపెనీ వేరే లెక్క ఇస్తే దాని ప్రకారం. పంక్చర్ షాపు గన్‌తో బిగిస్తే ఒక నట్టు అతిగా, ఇంకోటి తక్కువగా పడుతుంది. సుమారు 100 కిలోమీటర్లు, అంటే శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లినంత దూరం తిరిగాక రెండు వరుసలూ మళ్లీ బిగించాలి. రంధ్రాలు కోలగా సాగితే స్పేసర్ పారేయండి. ఒక స్టడ్డు తెగితే పక్కవి కూడా దెబ్బతిన్నట్టే లెక్క, ఆ హబ్‌కు మొత్తం కొత్తవి వేయించడం మంచిది.

దారిలోనే వదులైతే? బండితో వచ్చిన అసలు నట్లు డిక్కీలో ఎప్పుడూ ఉంచుకోండి. ఆ యాక్సిల్‌కు రెండు వైపులా స్పేసర్లు తీసేసి, చక్రాలు నేరుగా హబ్‌కు బిగించి, టైరు లోపల ఎక్కడా తగలడం లేదని చూసుకుని నెమ్మదిగా బయటపడొచ్చు.

హైవే మీద స్టీరింగ్ వణుకు

ఇసుకలో ఏమీ తెలియదు, జాతీయ రహదారి 16 ఎక్కి వేగం పెంచితే వణుకుతుంది. బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. స్పేసర్లు తీసి అదే రోడ్డు మీద నడిపి చూడండి. వణుకు పోతే చక్రం హబ్ మధ్యలో కూర్చోవడం లేదన్నమాట. స్పేసర్ మధ్య రంధ్రం హబ్‌కు సరిగ్గా పట్టాలి, అవతలి వైపు చక్రం కూర్చునే అంచు కూడా ఉండాలి. జిమ్నీకైతే ఆ రంధ్రం 108 మిల్లీమీటర్లు. ‘అన్ని బళ్లకూ పడుతుంది’ అని అమ్మేది కొనకండి.

వేగంతో పెరిగే హోరు

కుడికి తిప్పితే హోరు పెరిగితే ఎడమ బేరింగ్‌ను, ఎడమకు తిప్పితే కుడి బేరింగ్‌ను అనుమానించాలి. చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి, వదులుగా ఆడుతుంటే బేరింగ్ మార్చాల్సిందే. చక్రం బయటికి జరిగినకొద్దీ బేరింగ్ మీద వంపు భారం పెరుగుతుంది. రిమ్ము నడిమి గీత నుంచి హబ్‌కు ఆనే ముఖం దాకా ఉన్న దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు, అది తగ్గినకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. ఆఫ్‌సెట్ 20 మిల్లీమీటర్లున్న రిమ్ముకు 30 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే అది మైనస్ 10 రిమ్ముతో సమానం. బేరింగ్ మార్చి అదే స్పేసర్ మళ్లీ వేస్తే కొత్తదీ తొందరగానే అరుగుతుంది. రాళ్ల మీద స్టీరింగ్ చేతిని లాగేయడం కూడా ఈ జరుగుడు వల్లే. అలైన్‌మెంట్‌తో పోదు, మందం తగ్గించాలి.

నన్నడిగితే వెడల్పు కావాలనుకునేవాళ్లు తక్కువ ఆఫ్‌సెట్ రిమ్ములే కొనుక్కోవాలి. బేరింగ్ మీద భారం అంతే ఉంటుంది గానీ, వదులయ్యే వరుస ఒకటి తగ్గుతుంది. ఏది వేసినా చట్టం సంగతి మరవకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదు. 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

స్పేసర్ హబ్‌కు అతుక్కుపోయింది

కళింగపట్నం, బారువ లాంటి తీరంలో తిరిగే బళ్లకు ఇది మామూలే. ఉప్పు తేమలో అల్యూమినియం, ఇనుము ఆనుకుని ఉంటే తెల్లటి పొడి పేరుకుని పట్టేస్తుంది. తుప్పు వదిలించే నూనె అంచున పోసి కాసేపు ఆగండి, తర్వాత చెక్క సుత్తితో చుట్టూ తట్టండి. ఇనప సుత్తితో గట్టిగా బాదితే బేరింగ్ దెబ్బతింటుంది. మళ్లీ వేసేటప్పుడు హబ్ మధ్య అంచుకు మాత్రం పట్టేయకుండా ఉంచే పేస్టు పలుచగా రాయండి. స్టడ్లకు, ముఖానికి అంటనివ్వకండి.