నిరుత్సాహం కమ్మిన కంపెనీలో ఉద్యోగం: ఒప్పుకునే ముందు

భీమవరం, కాకినాడ ప్రాంతాల్లోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులోనో, మేత కంపెనీలోనో ఉద్యోగం వచ్చి, అక్కడి సిబ్బంది నిరుత్సాహంగా ఉన్నారని తెలిసినప్పుడు, ఆ నిరుత్సాహానికి మూలం ఎక్కడుందో ముందుగా తేల్చుకోవాలి. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల ఎగుమతి రంగం తీవ్ర ఆందోళనకు గురైంది. అలాంటి కష్టం బయటి నుంచి వచ్చినది, యాజమాన్యం మంచిదైతే తట్టుకోగలిగినది. జీతాలు ఆపడం, అందరి ముందు తిట్టడం, ఇచ్చిన మాట తప్పడం మాత్రం లోపలి జబ్బులు. కొత్తగా చేరినవారు వాటిని నయం చేయలేరు.

షిఫ్టు మారే వేళ గేటు బయట టీ కొట్టు దగ్గర అక్కడి ఉద్యోగులను పలకరించండి. “ఇక్కడ బాగుంటుందాండీ” అంటే మొహమాటానికి బాగుందనే చెబుతారు. “పోయిన నెల జీతం ఏ తారీఖున పడిందండీ? పీఎఫ్ పాస్‌బుక్కులో జమ కనిపిస్తోందాండీ?” అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. ఒక నెల పీఎఫ్‌ను యాజమాన్యం మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి కాబట్టి, నెలల తరబడి జమ లేదంటే, నా అభిప్రాయంలో, ఇక వేరే విచారణ అక్కర్లేదు, చేరకూడదు.

ఇంటర్వ్యూలో, ఆ స్థానంలో మీకంటే ముందున్నవారు ఎందుకు వెళ్లిపోయారో మర్యాదగా అడగండి. వెళ్లినవారినే నిందిస్తే జాగ్రత్తపడండి. ఇంటి అవసరాల వల్ల చేరక తప్పకపోతే, జీతం, పని వేళలు, నోటీసు గడువు నియామక పత్రంలో రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి దగ్గరా ఉంచకండి.